పుస్తకాలతో ఇంట్లోనే పిల్లలకు గుర్రం గురించి నేర్పడం: ఏ పుస్తకం, ఎలా వాడాలి?

ఎంవీపీ_నాన్న

విశాఖ ఆర్కే బీచ్‌లో గుర్రం ఎక్కి దిగిన దగ్గర్నుంచి మా ఇంట్లో అదే గోల. పెద్దాడికి 9 ఏళ్లు, పాపకు 6. రైడింగ్ క్లాసులకు పంపే ఆలోచన ఇప్పట్లో లేదు, ముందు పుస్తకాలతో మొదలుపెడదామని ఉంది. దొరికేవి దాదాపు అన్నీ ఇంగ్లీషువే. బొమ్మలు బాగుంటాయి కానీ రెండు రోజులు తిరగేసి అటకెక్కించేస్తారు. ఎలాంటిది కొనాలి, కొన్నాక ఎలా వాడాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పుస్తకాల_పెట్టె

పుస్తకం పేరు చెప్పను. షాపుల్లో ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. ఎలా ఏరుకోవాలో చెప్తాను. ద్వారకానగర్ షాపుల్లో తిరిగినా, పౌర గ్రంథాలయంలో అరలు వెతికినా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందుగా దౌడు తీసే గుర్రం బొమ్మ ఉన్న పేజీ తీయండి. ముందు కాళ్లు ముందుకి, వెనక కాళ్లు వెనక్కి బార్లా చాపేసి గాల్లో తేలుతున్నట్టు గీసి ఉంటే, ఆ చిత్రకారుడు పాత బొమ్మలు చూసి గీశాడన్నమాట, గుర్రాన్ని చూసి కాదు. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు అమెరికాలో వరసగా కెమెరాలు పెట్టి తీసిన ఫోటోలతో ఈ సంగతి తేలిపోయింది. దౌడులో నాలుగు కాళ్లూ నేల విడిచే క్షణం ఉంది, కానీ ఆ క్షణంలో కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. మన ఇళ్లలో వేలాడే ఏడు గుర్రాల క్యాలెండరు బొమ్మల్లోనూ ఈ తప్పు కనిపిస్తుంది. క్యాలెండరుకు ఫరవాలేదు, పాఠం చెప్పే పుస్తకానికి పనికిరాదు.

తర్వాత మూడు పేజీల కోసం వెతకండి: ఎముకల గూడు, గిట్ట అడుగు భాగం, మేత. మూడూ ఉంటే తొమ్మిదేళ్ల పిల్లాడికి కొనొచ్చు. ఎంతసేపూ జూలు ఎగరేస్తూ సూర్యాస్తమయంలో పరిగెత్తే ఫోటోలే ఉంటే అది బల్ల మీద పెట్టుకునే పుస్తకం. గుర్రం పుట్టుపూర్వోత్తరాల పేజీ ఉంటే అదీ చూడండి. నక్కంత జంతువు నుంచి ఇప్పటి గుర్రం దాకా నాలుగైదు బొమ్మల్ని నిచ్చెన మెట్లలా ఒకే వరసలో పెడితే అది పాతకాలపు పాఠం. ఇప్పుడు దాన్ని కొమ్మలు చీలిన పొదలా చూపిస్తున్నారు, చాలా కొమ్మలు మధ్యలోనే అంతరించాయి. ఈ ఒక్కదానికే పుస్తకాన్ని పక్కన పెట్టక్కర్లేదు, పిల్లలకు నోటితో సరిదిద్దితే సరిపోతుంది.

ఆరేళ్ల పిల్లకి వేరే పుస్తకం కావాలి. అట్ట పేజీలు, పేజీకి ఒకే పెద్ద బొమ్మ, రెండు మూడు వాక్యాలు. అన్న పుస్తకాన్నే చిన్నదానికీ ఇస్తే అది పేజీలు తిప్పడం మాత్రమే నేర్చుకుంటుంది.

సీతమ్మధార_టీచరమ్మ

పెట్టె గారు ఏరుకోవడం చెప్పారు కాబట్టి నేను వాడకం చెప్తాను. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివించకండి. అటకెక్కేది అందుకే. వారానికి ఒకే జంట పేజీ చాలు.

మొదటి రోజు బొమ్మను మూడు నిమిషాలు చూడనిచ్చి పుస్తకం మూసేయండి. గుర్తున్నంత వరకు కాగితం మీద గీయమనండి. మళ్లీ తెరిచి ఎర్ర పెన్సిలుతో తేడాలు దిద్దుకోమనండి. దాదాపు పిల్లలందరూ వెనక కాలిని ముందు కాలిలాగే గీస్తారు, మెడను తల నడినెత్తికి అంటిస్తారు, కళ్లు మనిషికున్నట్టు ముందుకి పెడతారు. ఆ తప్పులే మీ పాఠం. రెండో రోజు పక్కనున్న వివరం చదివి తెలుగులో చెప్పండి. ఇంగ్లీషు వాక్యాన్ని అప్పటికప్పుడు తడుముకుంటూ చెప్తే పిల్లలు జారిపోతారు, కనుక ముందురోజు రాత్రే మీరు ఒకసారి చదివి పెట్టుకోండి. మూడో రోజు చేతిపని. ఆ వారానికి అంతే.

శరీర భాగాల పేర్లు పుస్తకం మీద రాయకండి, స్టిక్కర్లు అసలే అంటించకండి, నిగనిగలాడే ఆర్ట్ పేపరు పొర ఊడి వస్తుంది. బొమ్మ మీద ట్రేసింగ్ పేపరు పరిచి పై అంచున మాత్రమే క్లిప్పు పెట్టి, దాని మీద పెన్సిలుతో రాయండి. చెవి, నుదుటి జూలు, మెడ జూలు, మూపు, వీపు, పిర్ర, తోక, గిట్ట… ఈ ఎనిమిదితో మొదలెట్టండి. మూపు, అంటే మెడ వీపును కలిసే చోటున్న ఎత్తైన భాగం, తప్పనిసరి, ఎత్తు కొలిచేది అక్కడే.

ఇంకొకటి. జాతుల పేజీతో మొదలుపెట్టకండి. అరవై జాతుల ఫోటోలు చూసి పేర్లు బట్టీ పడతారు, గుర్రం ఏం తింటుందో మాత్రం చెప్పలేరు. జాతులు ఆఖర్న.

జీను_కళ్ళెం

టీచర్ గారూ, జాతుల దగ్గర మీతో ఏకీభవించను. పిల్లల్ని పట్టి ఉంచేది ఆ పేజీయే. అరవై వద్దు, ఆరు చాలు. ప్రతి జాతికీ ఒక ప్రశ్న ఉండాలి. మార్వాడీ, కఠియావాడీ గుర్రాల చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేంత దగ్గరగా ఎందుకు కనిపిస్తాయి, మిగతా గుర్రాలకు అలా ఉండవేం? మణిపురీ గుర్రం 11 నుంచి 13 చేతుల (ఒక చెయ్యి 4 అంగుళాలు) ఎత్తే అయినా పోలో ఆటకు ఎలా సరిపోయింది? హిమాలయాల్లోని స్పితి గుర్రం పొట్టిగా బలిష్ఠంగా ఎందుకుంటుంది? ఈ మూడూ మన దేశానివి. వాటి పక్కన పందేల థరోబ్రెడ్, బరువులు లాగే షైర్, పొట్టి షెట్లాండ్ పెట్టండి. విదేశీ పుస్తకాల్లో మన జాతుల మీద ఒక పేరా ఉంటే గొప్ప, లేకపోతే విడి కాగితం మీద మీరే రాసి మధ్యలో పెట్టాలి.

సీతమ్మధార_టీచరమ్మ

ఆరింటికి ఒప్పుకుంటాను. కానీ ఎత్తు కొలవడం వచ్చాకే.

లెక్కల_మాస్టారు

ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి. గుర్రం ఎత్తును చేతుల్లో చెప్తారు. ఒక చెయ్యి అంటే 4 అంగుళాలు, 10.16 సెం.మీ. నేల నుంచి మూపు దాకా కొలవాలి. తల దాకా కొలవకపోవడానికి కారణం పిల్లలే చెప్పగలరు, తల పైకీ కిందికీ ఊగుతుంటుంది.

వరండా గోడ మీద సుద్దముక్కతో నిలువు గీత గీసి 4 అంగుళాలకొక అడ్డగీత పెట్టండి. 15వ గీత దగ్గర, అంటే 152 సెం.మీ. దగ్గర, మధ్యరకం గుర్రం మూపు. షెట్లాండ్ పొట్టిగుర్రానికి హద్దు 42 అంగుళాలు. షైర్ పోతు గుర్రం 17 చేతుల వరకు, ఇంకా పైకీ ఉంటుంది. ఆరేళ్ల పాప ఆ గీత కింద నిలబడితే పుస్తకం ఇవ్వలేనిది గోడ ఇస్తుంది.

ముందు పిల్లలను తమ అరచేతులతో కొలవనివ్వండి. అన్నకొక లెక్క, చెల్లెలికొక లెక్క వస్తుంది. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో అప్పుడు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

గాజువాక_గిరి

పుస్తకంలో పోనీ గుర్రం హద్దు 14.2 చేతులని ఉంది. 14.2ని 4తో గుణిస్తే 56.8 అంగుళాలు. అంతేనా మాస్టారూ?

లెక్కల_మాస్టారు

కాదు గిరి గారూ. ఆ చుక్క దశాంశం కాదు. 14 చేతులు, ఆపైన 2 అంగుళాలు. 56 + 2 = 58 అంగుళాలు, సుమారు 147 సెం.మీ. అందుకే 15.3 తర్వాత ఒక అంగుళం పెరిగితే 16 అవుతుంది, 15.4 అనేది ఉండదు. తొమ్మిదేళ్ల వాడికి ఇది మంచి లెక్క: 13.3 చేతుల గుర్రం, 14.2 చేతుల గుర్రం పక్కపక్కన నిలబడితే తేడా ఎన్ని అంగుళాలు? 3 వస్తుంది. కాలిక్యులేటరులో 14.2లోంచి 13.3 తీసేసినవాడికి 0.9 వస్తుంది.

పశువైద్యం_విశాఖ

ఎముకల గూడు పేజీ దగ్గర తల్లిదండ్రులే ఎక్కువ తడబడతారు. గుర్రం ముందు కాలి మధ్యలో వంగే చోటుని పుస్తకాలు మోకాలు అంటాయి. మనిషితో పోలిస్తే అది మణికట్టు. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు మన మడమ. గుర్రం అసలు మోకాలు పొట్టను ఆనుకుని పైన ఉంటుంది. గిట్ట మన మధ్యవేలి గోరు. అంటే గుర్రం నాలుగు మధ్యవేళ్ల కొసల మీద నిలబడే జంతువు.

దీన్ని చేయించి చూపించండి. గుర్రం ఆట అంటే పిల్లలు మోకాళ్ల మీద పాకుతారు, అది తప్పు భంగిమ. అరచేతులు నేలకు ఆనించకుండా మధ్యవేళ్ల కొసలు మాత్రమే తాకించి, మడమలు ఎత్తి, కాలివేళ్ల మీద ఉండమనండి. ఐదు సెకన్లు ఉండటమే కష్టం. తర్వాత పుస్తకంలోని గూడుని ట్రేసింగ్ చేసి, పక్కన మనిషి చెయ్యి, కాలు గీసి రంగులు వేయించండి: మణికట్టు ఎముకలకు రెండు చోట్లా నీలం, మడమకు ఎరుపు, మధ్యవేలికి పసుపు. ఈ రంగుల పని అయ్యాక పిల్లలు వెనక కాలిని తప్పుగా గీయడం చాలావరకు పోతుంది.

మేత పేజీకి వస్తే, విదేశీ పుస్తకంలో ఓట్స్, టిమోతీ గడ్డి, మంచు రోజుల్లో కప్పే దుప్పటి ఉంటాయి. ఇక్కడి గుర్రానికి పచ్చగడ్డి, ఎండుగడ్డి, నానబెట్టిన లేదా ఉడికించిన ఉలవలు, శనగలు, గోధుమ తవుడు. వరిగడ్డి ఆవుకు సరిపోయినట్టు గుర్రానికి సరిపోదు. పిల్లలకు ఆవు తెలుసు కాబట్టి ఆవుతోనే పోల్చి చెప్పండి. ఆవు గబగబా మింగి తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది, నాలుగు గదుల పొట్ట. గుర్రం నెమరేయదు, ఒకే చిన్న పొట్ట, 8 నుంచి 15 లీటర్లు. గడ్డి పులిసి అరిగే పని వెనకనున్న పెద్దపేగులో జరుగుతుంది. అందుకే రోజులో ఎక్కువ సేపు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండాలి. ఒకేసారి దాణా కుమ్మరిస్తే కడుపునొప్పి వస్తుంది, దాన్నే కోలిక్ అంటారు. గుర్రం వాంతి చేసుకోలేదు, అందుకే అది ప్రాణాల మీదికి వస్తుంది. పళ్లలోనూ తేడా ఉంది: ఆవుకి పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, గుర్రానికి పైనా కిందా ఉంటాయి. బొమ్మలో వెతకమనండి.

అంకెలు కావాలంటే: 400 కిలోల గుర్రానికి రోజుకు దాని బరువులో సుమారు 2 శాతం ఎండు మేత, అంటే 8 కిలోలు. పచ్చగడ్డిలో ఐదింట నాలుగొంతులు నీళ్లే అనుకుంటే అదే 40 కిలోలు అవుతుంది. నీళ్లు 20 నుంచి 40 లీటర్లు, మన ఎండల్లో పని చేస్తే ఇంకా పైన. ఇంటికొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు వరండాలో పెట్టి చూపిస్తే అంకె అర్థమవుతుంది. చిన్నపేగు పొడవు సుమారు 20 మీటర్లు. బట్టలారేసే తాడు కొలిచి అపార్ట్‌మెంట్ కారిడార్‌లో పరవండి.

పెందుర్తి_పద్మ

గిట్ట నమూనా చేయించాలని ఉంది. మైదా, ఉప్పు కలిపిన పిండితో చేస్తే ఆరడం లేదు, రెండో రోజుకి చెమ్మ పట్టేస్తోంది. ఏం చేయాలి డాక్టరు గారూ?

పశువైద్యం_విశాఖ

పద్మగారూ, విశాఖ గాలిలో ఉప్పుపిండి ఆరదు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల్లో మూడు గంటలు ఉంచి వెంటనే వార్నిష్ పూయాలి. లేకపోతే ఆ పిండి వదిలేసి, వినాయక చవితికి వాడే బంకమట్టి అర కిలో తీసుకోండి.

12 సెం.మీ. సాసరు చుట్టూ మట్టితో సెంటీమీటరు మందం గోడ కట్టండి, కానీ పూర్తి వలయంగా కాదు, మడమ వైపు (ఇక్కడ మడమ అంటే గిట్ట వెనక భాగం) తెరిచి ఉండాలి. చాలామంది గుండ్రంగా మూసేస్తారు. గిట్ట నేల తాకినప్పుడు మడమ వైపు కొంచెం విచ్చుకుంటుంది, మూసేస్తే ఆ సంగతి పోతుంది. లోపలి అడుగును కాస్త గుంటగా చేయండి, చదునుగా కాదు. మడమ నుంచి మధ్యకు కొస తిరిగేలా త్రికోణం పెట్టండి, దాన్ని ఫ్రాగ్ అంటారు, అసలు గిట్టలో అది రబ్బరులా ఉంటుంది. గోడకీ అడుగుకీ మధ్య సన్నటి పసుపు తాడు నొక్కితే, గిట్టలో ‘తెల్ల గీత’ అని పిలిచే సరిహద్దు అవుతుంది. లాడం మేకులు ఆ గీతకు బయటే, గోడలోనే దిగాలి. గోడకు నొప్పి తెలియదు, లోపలికి దిగితే కుంటుతుంది.

పగుళ్లు వచ్చేది సన్నటి గోడ ముందు ఆరి, లావు ఫ్రాగ్ తర్వాత ఆరడం వల్ల. ఫ్రాగ్‌ని కింద నుంచి చెంచాతో డొల్ల చేయండి. మొదటి రోజు తడిగుడ్డ కప్పి ఉంచి, తర్వాత నీడలోనే ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి.

ఆరాక సందుల్లో బురద, చిన్న రాళ్లు కూరి ఐస్‌క్రీం పుల్లతో తీయించండి. దిశ ఎప్పుడూ మడమ నుంచి మొన వైపు. ఎదురు గీకితే పుల్ల ఫ్రాగ్‌లో గుచ్చుకుంటుంది, నిజం గుర్రానికి ఇనప కొక్కెంతో అదే జరుగుతుంది. గిట్ట నెలకు 6 నుంచి 10 మి.మీ. పెరుగుతుంది, అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి చెక్కించాలి.

జీను_కళ్ళెం

నడకల పేజీ పుస్తకంలో అన్నిటికన్నా బలహీనం. ఆగిపోయిన బొమ్మ తాళం ఎలా చెప్తుంది? రెండు కొబ్బరి చిప్పలు, ఒక కడప బండ చాలు.

మామూలు నడక నాలుగు దెబ్బలు, సమానంగా: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. ట్రాట్ అనే తేలికపాటి పరుగు రెండు దెబ్బలు: ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ కలిసి, తర్వాత మిగతా జంట. దానికన్నా వేగమైన క్యాంటర్ మూడు దెబ్బలు, ఆపైన ఒక ఖాళీ: ఎడమ వెనక, తర్వాత కుడి వెనక–ఎడమ ముందు కలిసి, తర్వాత కుడి ముందు, అప్పుడు గాల్లో. దౌడులో మధ్య జంట విడిపోయి నాలుగు దెబ్బలవుతుంది, ఖాళీ ఉంటుంది. పెట్టె గారు చెప్పిన ముడుచుకున్న కాళ్లు ఆ ఖాళీలోనే.

చిప్పలతో తాళం వచ్చాక పిల్లలిద్దర్నీ ఒకరి వెనక ఒకర్ని నిలబెట్టండి. ముందున్నవాడు ముందు కాళ్లు, వెనకున్నది వెనక కాళ్లు. ట్రాట్ అనగానే ఇద్దరూ ఎడమ కాలే ఎత్తుతారు. అది ట్రాట్ కాదు, ఒకే పక్క కాళ్లు కలిసి కదిలే నడక, ఒంటె అలాగే నడుస్తుంది. మార్వాడీ గుర్రాల రేవాల్ నడకలోనూ ఒకే పక్క కాళ్లే కలిసి కదులుతాయి. కాబట్టి తప్పు అని కొట్టేయకండి. ‘ఇప్పుడు మీరు ఒంటె, ట్రాట్ చేయండి’ అంటే వెనకున్నది కాలు మార్చుకుంటుంది.

పుస్తకాల_పెట్టె

దీనికి తోడు తిప్పే బొమ్మల పుస్తకం చేయించొచ్చు. 200 జీఎస్ఎం దళసరి చార్ట్ కాగితం, పోస్టుకార్డులో సగం సైజు ముక్కలు 12. సన్నటి కాగితమైతే వేలికి అంటుకుని రెండేసి తిరుగుతాయి. ఎడమ వైపు 2 సెం.మీ. ఖాళీ వదిలి క్లిప్పు పెట్టండి. ప్రతి ముక్క మీదా నేల గీత ఒకే ఎత్తులో ముందే గీసుకోవాలి, లేకపోతే గుర్రం పరిగెత్తదు, వణుకుతుంది. చివరి ముక్క తర్వాత మొదటిదానికి అతకాలి కాబట్టి ముందు 1, 7 గీసి, తర్వాత మధ్యవి నింపితే తేలిక.

ఎంవీపీ_నాన్న

చాలా థాంక్సండీ, గోడ మీద గీతలు పడ్డాయి. రెండు సందేహాలు. ఒకటి, కథల పుస్తకాల్లో గుర్రం పళ్లు బయటపెట్టి నవ్వుతుంది, మాట్లాడుతుంది. అవి ఇవ్వొచ్చా? రెండు, కద్రువ, వినతల పందెం కథ చెప్తే పెద్దాడు ‘తెల్ల గుర్రానికి నల్ల తోక నిజంగా ఉంటుందా’ అన్నాడు.

అరసవల్లి_రథం

రెండోదానికి నేను. ఉంటుంది. తెల్లగా కనిపించే గుర్రాల్లో చాలావాటిని గుర్రాలవాళ్లు గ్రే అంటారు. పుట్టినప్పుడు నల్లగానో గోధుమ రంగులోనో ఉండి ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకలు తెల్లబడతాయి, కింద చర్మం నల్లగానే ఉంటుంది. కొన్నిటిలో ఒళ్లు ముందు తెల్లబడి జూలు, తోక కొన్నేళ్లు ముదురు రంగులో ఉండిపోతాయి. అంటే ఉచ్చైఃశ్రవం తోక నల్లనిదని పందెం కాయడంలో కద్రువ మరీ అసాధ్యమైన మాటేమీ అనలేదు, ఆ గుర్రం విషయంలో అది నిజం కాదు కాబట్టి పాములను పట్టుకుని వేలాడమంది. ముక్కు దగ్గర చర్మం నల్లగా ఉందా గులాబీ రంగులో ఉందా చూస్తే గ్రే గుర్రమో, పుట్టుతెలుపో తెలుస్తుంది. మీ పుస్తకంలో దగ్గరి ఫోటో ఉంటే వెతికించండి.

భారతంలోనే ఇంకో రెండు చోట్లు పనికొస్తాయి. విరాటుడి కొలువులో నకులుడు గుర్రాలశాల చూసుకునే పనిలో చేరతాడు. నలుడు బాహుకుడిగా ఋతుపర్ణుడి రథం తోలతాడు. నకులుడు పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం పనులు చేసి ఉంటాడో పుస్తకంలోని సంరక్షణ పేజీ చూసి పిల్లలను రాయమనండి: నీళ్లు, మేత, శాల ఊడ్చడం, మాలీసు, గిట్టలు చూడటం.

పశువైద్యం_విశాఖ

నవ్వు గురించి: గుర్రం పై పెదవి మడిచి పళ్లు చూపేది నవ్వి కాదు. ఏదో వాసనను లోతుగా పట్టడానికి, ముక్కు లోపల అడుగున ఉన్న వాసన అవయవం దాకా లాక్కోవడానికి. కార్టూన్లు దాన్ని నవ్వు చేశాయి. పిల్లలకు ఇది తెలియాలి, ఎందుకంటే చెవులు వెనక్కి అతుక్కుపోయి పళ్లు కనిపిస్తే అది కరవబోతోందని అర్థం. చెవులు ముందుకుంటే ధ్యాస అటుంది, ఒకటి వెనక్కి తిరిగితే వెనక ఏదో వింటోంది, రెండూ పక్కలకు వాలితే నిద్రమత్తులో ఉండొచ్చు. వాలిన చెవులకూ అతుక్కున్న చెవులకూ తేడా బొమ్మల్లో సరిగ్గా తెలియదు, ఫోటోలున్న పుస్తకం వాడండి. ముక్కుపుటాలు, తోక కూడా కలిపి చదవాలి.

సీతమ్మధార_టీచరమ్మ

కథలు ఇవ్వండి, ఆపకండి. కథ లేకపోతే ఆరేళ్లది గిట్ట జోలికే రాదు. కాకపోతే ఒక కాగితం రెండు నిలువులుగా మడిచి, ఒకవైపు ‘కథలో’, రెండోవైపు ‘నిజంలో’ అని పెట్టండి. కథలో రాత్రంతా దౌడు తీసింది. నిజంలో? వాళ్లే సమాచార పుస్తకం తెచ్చి వెతుకుతారు. ఆ పుస్తకం అటకెక్కకుండా ఉండేది దీనివల్లే.

లెక్కల_మాస్టారు

రాత్రంతా దౌడుకి లెక్క: దౌడు గంటకు 40 కి.మీ. పైనే, కానీ ఆ వేగం కొద్ది కిలోమీటర్లే నిలుస్తుంది. మామూలు నడక గంటకు 6, ట్రాట్ 12 అనుకోండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరం రోడ్డు 30 కి.మీ. అనుకుంటే నడకలో 5 గంటలు, ట్రాట్‌లో రెండున్నర. అరగంట ట్రాట్, అరగంట నడక మార్చి మార్చి వెళ్తే? మొదటి గంటలో 9 కి.మీ., మూడు గంటల్లో 27. మిగిలిన 3 కి.మీ. ట్రాట్‌లో పావుగంట. మధ్యలో నీళ్లకు ఎక్కడ ఆపాలో మ్యాపు మీద గుర్తు పెట్టించండి.

ఇంకో లెక్క వంటింట్లో ఉంది. ఒక హార్స్ పవర్ 746 వాట్లు. మిక్సీ అడుగున 750 అని ఉంటే అది ఒక గుర్రం. అసలు గుర్రం మాత్రం కాసేపు పదికి మించి హార్స్ పవర్ చూపగలదు.

జీను_కళ్ళెం

పుస్తకం పట్టుకుని బీచ్‌కి వెళ్లేముందు చూపు పేజీ చదివించండి. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది. కనపడనిది సరిగ్గా వెనక సన్నటి ముక్క, ముక్కు ముందు కొంచెం. వరండాలో సుద్దతో వలయం గీసి మధ్యలో పిల్లాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, తల తిప్పకుండా బంతి ఎక్కడి దాకా కనిపిస్తుందో గుర్తు పెట్టండి. సగం వలయం దగ్గర ఆగిపోతుంది. వేరే రంగుతో గుర్రానిది గీయండి. అప్పుడు నియమాలు వాటంతటవే వస్తాయి: వెనక నుంచి వెళ్లకూడదు, భుజం వైపు ఏటవాలుగా వెళ్లాలి, మాట్లాడుతూ వెళ్లాలి, ముఖం ముందు హఠాత్తుగా చెయ్యి ఊపకూడదు.

బీచ్‌లో ఎక్కడం కన్నా చూడటం ఎక్కువ నేర్పుతుంది. మూడు మీటర్ల దూరంలో నిలబడి డొక్క కదలిక చూస్తూ నిమిషానికి ఊపిరి లెక్కపెట్టమనండి. విశ్రాంతిలో 8 నుంచి 16. ఇప్పుడే పరిగెత్తి వచ్చిందైతే చాలా ఎక్కువ ఉంటుంది, ఐదు నిమిషాల తర్వాత మళ్లీ లెక్క. మన తేమలో చెమట ఆరదు, కనుక నెమ్మదిగా తగ్గుతుంది. డొక్కలు ఎగిరిపడుతున్న గుర్రాన్ని ఎక్కనివ్వకండి. ఎక్కితే హెల్మెట్, వేళ్లు మూసిన బూట్లు.

పశువైద్యం_విశాఖ

తినిపించడం: యజమానిని అడగకుండా ఏమీ పెట్టకూడదు. చిప్స్, బిస్కెట్లు వద్దు. ఒప్పుకుంటే క్యారెట్ నిలువుగా చీల్చి చాచిన అరచేతిలో పెట్టాలి. గుండ్రటి చక్రాలు గొంతులో అడ్డం పడతాయి, వేళ్లతో పట్టుకుంటే వేళ్లూ వెళ్తాయి.

విషపు మొక్కల పేజీ విదేశీ పుస్తకంలో మనకు పనికిరాదు, అందులోని మొక్కలు చాలావరకు ఇక్కడ కనిపించవు. దాని స్థానంలో మీ కాగితం పెట్టండి: గన్నేరు, ఆముదం, గురివింద గింజలు. గన్నేరు ముఖ్యం, మన రోడ్ల మధ్య, ఇళ్ల ముందు ఎక్కడ చూసినా అదే. కొద్దిపాటి ఆకులే గుర్రం గుండెను ఆపగలవు, ఎండిన ఆకులూ అంతే. పిల్లలు ‘ఆకులే కదా’ అని కోసి పెట్టే ప్రమాదం ఉంది. మూడింటి ఫోటోలు తీసి అంటించండి.

గాజువాక_గిరి

సముద్రం దగ్గర ఇల్లు. కొన్న పుస్తకం వానాకాలంలో వాసన వస్తోంది, పేజీలు అంటుకుంటున్నాయి. ఉపాయం?

పుస్తకాల_పెట్టె

ఆర్ట్ పేపరు తడిస్తే పొర కరిగి, ఆరేటప్పుడు జిగురులా పట్టేస్తుంది. తడిగా ఉన్నప్పుడే పేజీల మధ్య బటర్ పేపరు పెట్టి ఫ్యాను కింద నిలబెట్టాలి. వెంటనే కుదరకపోతే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టి, తీరిక దొరికినప్పుడు తీసి ఆరబెట్టండి. ఎండలో పెడితే వంకర్లు పోతుంది. ఆరిపోయి అతుక్కున్నవాటిని లాగకండి, బొమ్మ చిరుగుతుంది. మామూలు రోజుల్లో బయటి గోడకు ఆనిన అల్మరాలో వద్దు, అరలో కిక్కిరిసి పెట్టొద్దు. కలరా ఉండలు పిల్లల పుస్తకాల మధ్య పెట్టకండి, నోట్లో పెట్టుకుంటారు.

పెందుర్తి_పద్మ

మట్టి గిట్ట బాగా ఆరింది డాక్టరు గారూ, పగుళ్లు లేవు. దానికి లాడం దేనితో చేయాలి?

పశువైద్యం_విశాఖ

లావు అల్యూమినియం తీగ సుమారు 30 సెం.మీ. సుత్తితో కొంచెం చదును చేసి వంచండి, కొసలు మడమ దగ్గర ఆగాలి, ఫ్రాగ్ మీదికి రాకూడదు. తీగను గిట్టకు సరిపోయేలా వంచాలి కానీ, తీగకు సరిపోయేలా మట్టి చెక్కకండి, అసలు గుర్రానికి లాడం వేసేటప్పుడూ క్రమం ఇదే. మేకుల కోసం గోడలో ముందే పక్కకు మూడేసి చొప్పున ఆరు రంధ్రాలు ఉండాలి. ఆరిన మట్టిని ఇప్పుడు తొలిస్తే పగులుతుంది కాబట్టి ఈసారికి జిగురుతో అంటించేయండి.